పాత కప్పు మీద కొత్త రేకు

కొత్త ఇంటికని రేకులు కొన్నవాళ్లని నేను తక్కువే చూశాను. కాకినాడ జగన్నాథపురంలో మా నాన్న పెట్టిన ఇనుప సామాన్ల కొట్టులో నేను కూర్చున్నన్నాళ్లూ, రేకు కోసం వచ్చినవాడికి అప్పటికే నెత్తిన ఏదో ఒక కప్పు ఉండేది. తాటాకు కుళ్లిందనో, కోతులు పెంకులు పగలగొట్టాయనో, చూరు దగ్గర వాసాలు పుచ్చి గదిలోకి వాన వస్తోందనో వచ్చేవాడు. ముందు రేటు అడిగేవాడు. ఆ తర్వాత అడిగేది మాత్రం ఎవరైనా ఒకటే: “పాతది పీకెయ్యాలాండీ, దాని మీదే ఏసెయ్యొచ్చా?”

పీకెయ్యమంటే మాకే లాభం. దూలాలూ వాసాలూ బయటపడతాయి, సగం బాగోవు, వాటి బదులు ఇనుప గొట్టాలూ యాంగిలర్లూ మా దగ్గరే కొంటాడు. అయినా మా నాన్న ఎప్పుడూ ఎదురు ప్రశ్న వేసేవాడు: “కింద ఏముందయ్యా?” పెంకు అంటే ఒక మాట, తాటాకు అంటే ఇంకో మాట చెప్పేవాడు. కొట్టు మా అబ్బాయికి అప్పగించాక తీరిక దొరికి ఈ రేకు పుట్టుపూర్వోత్తరాలు చదవడం మొదలుపెట్టాను. నాన్న వేసిన ప్రశ్నే దాని చరిత్ర మొత్తానికీ సరైన ప్రశ్న అని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. రేకు ఎక్కడికి వెళ్లినా ఖాళీ గోడల మీదికి వెళ్లింది తక్కువ, అప్పటికే ఉన్న కప్పు మీదికి ఎక్కింది ఎక్కువ.

ముడతల రేకు లండన్ ఓడరేవులో పుట్టింది. అక్కడి డాక్ కంపెనీలో ఇంజనీరుగా ఉన్న హెన్రీ రాబిన్సన్ పామర్ 1829లో దానికి పేటెంటు తీసుకున్నాడు. కొద్దికాలానికే అదే రేవులో టర్పెంటైన్ నిలవచేసే షెడ్డుకి దాన్ని కప్పారు. అందులో కిటుకంతా ముడతలోనే ఉంది. చదునైన పల్చటి రేకుని రెండు దూలాల మధ్య పరిస్తే నడుం వంగిపోతుంది. అదే రేకుని అలలు అలలుగా మడిస్తే అటు చివరా ఇటు చివరా ఆధారం ఇస్తే చాలు, మధ్యలో మనిషి కాలు పెట్టినా నిలుస్తుంది. దాంతో కింద కలప బాగా తగ్గింది. సరుకు దించుకునే రేవుల్లో స్తంభాలు అడ్డం లేని విశాలమైన షెడ్డు దొరకడం చిన్న విషయం కాదు.

అయితే పామర్ రేకు ఉత్త ఇనుము. తడి తగిలితే తుప్పు. 1837లో స్టానిస్లాస్ సోరెల్ అనే ఫ్రెంచివాడు ఇనుముని కరిగిన జింకులో ముంచి తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. జింకు పూత మామూలు రంగులా పైపైన కప్పి ఊరుకోదు. గీత పడి ఇనుము బయటపడినా ముందు తాను హరించుకుపోతుంది, పక్కనున్న ఇనుముని చాలాకాలం తుప్పు పట్టనివ్వదు. జింకు అయిపోయాకే ఎర్రమచ్చ మొదలవుతుంది. (రాజస్థాన్‌లోని జావర్‌లో మనవాళ్లు ఐరోపాకన్నా శతాబ్దాల ముందే జింకు తీశారు. దాన్ని ఇనుము మీద పూసి ఇళ్లు కప్పుకోవాలన్న ఆలోచన మాత్రం ఐరోపావాళ్లదే.) ముడతా జింకూ కలిశాక ఇక రేకుని ఆపినవాడు లేడు. 1849లో కాలిఫోర్నియాలో బంగారం కోసం జనం ఎగబడ్డప్పుడు ఇనుప రేకుల ఇళ్లు విడిభాగాలుగా ఓడలెక్కి వెళ్లాయి, రెండేళ్లకి ఆస్ట్రేలియా బంగారు గనులకీ అలాగే వెళ్లాయి. 1857లో బ్రిస్టల్‌లో మొదలైన జాన్ లైసాట్ కంపెనీ రేకు అమ్మి ఆస్ట్రేలియాలో ఇంటింటి పేరైంది.

అమెరికాలో దీని కథ వేరే దారిలో నడిచింది. మా మేనల్లుడు టెక్సాస్‌లో ఇల్లు కొన్నాక ఆ దారి నాకు బాగా తెలిసింది. అక్కడి ఇళ్లకి పెంకు బదులు షింగిల్స్ అనే పలకలుంటాయి. మొదట్లో అవి దేవదారు జాతి చెక్కని పల్చగా చీల్చినవి. చేప పొలుసుల్లా ఒక వరస అంచు మీద ఇంకో వరస వచ్చేలా మేకులతో కొట్టేవారు. చెక్క చవక, అడవి పక్కనే ఉంది, కాబట్టి ఊళ్లకి ఊళ్లు చెక్క కప్పుల కింద బతికాయి. 1871 అక్టోబరులో షికాగో తగలబడినప్పుడు గాలికి లేచిన నిప్పురవ్వలు వీధులూ నదీ దాటి చెక్క పలకల మీద పడ్డాయి. దాదాపు మూడు వందల మంది చనిపోయారు, లక్ష మంది ఇళ్లు లేనివాళ్లయ్యారు. వేసవిలో మన పల్లెల్లో ఒక పాక అంటుకుంటే వడగాలికి పేటంతా బూడిదయ్యేది. ఆ తాటాకు తగలడ్డం చూసినవాళ్లకి షికాగో సంగతి వేరే వివరించక్కర్లేదు.

నిప్పు భయంతో ఊళ్లు చెక్క కప్పుల మీద ఆంక్షలు పెట్టడం మొదలుపెట్టాయి. 1903లో మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ రాపిడ్స్‌లో హెన్రీ రెనాల్డ్స్ అనే రూఫింగు వ్యాపారి తారు పట్టించి పైన రాతినూక అద్దిన పట్టాని ముక్కలుగా కోసి షింగిల్స్‌గా అమ్మాడు. ఇప్పుడు అక్కడి ఇళ్లమీద ఎక్కువగా కనిపించేవి ఆ తారు పలకలే. పల్లెటూరి రైతులు మాత్రం తారు దాకా ఆగలేదు. చెక్క పలకలు వంకర్లు తిరిగి వాన కారడం మొదలవగానే వాటిమీదే నేరుగా రేకు తెచ్చి కొట్టేశారు. పీకడానికి కూలి ఎవరిస్తారు? పాత పొలం ఇళ్లు బాగుచేసేవాళ్లు ఈరోజు తుప్పు రేకు లేపితే, కింద వందేళ్లనాటి చెక్క పలకలు వరస చెదరకుండా కనబడడం అక్కడ కొత్త సంగతి కాదు. రేకు వాటిని వానా ఎండా తగలకుండా దాచింది. అవి రేకు కింద మెత్తగా ఉండి దాని చప్పుడు తగ్గించాయి.

మా మేనల్లుడి ఇంటి తారు పలకలు వడగళ్లకి చితికిపోయాయి. టెక్సాస్‌లో అది ఏటా ఉండే బాధ. పని చూడ్డానికి వచ్చిన మేస్త్రి పాత పలకల మీదే చెక్క బద్దీలు అడ్డంగా కొట్టి, ఆ బద్దీల మీద రంగు రేకు వేస్తానన్నాడట. “మావయ్యా, నీ సబ్జెక్టే! ఏమంటావు?” అని ఫోను చేశాడు. ఎన్ని వరసలున్నాయో ముందు చూడమన్నాను. అక్కడ చాలాచోట్ల వాడే ఇళ్ల నిర్మాణ నియమావళి ప్రకారం ఇప్పటికే రెండు వరసల పలకలుంటే వాటిమీద మూడోది వేయకూడదు, అన్నీ పీకాల్సిందే. బరువు ఒక కారణం. అసలు చెక్క ఎక్కడ కుళ్లిందో కనబడకపోవడం ఇంకో కారణం. కింద చెక్క పలకలుండి పైన రేకు వేస్తే, మధ్య ఖాళీలో నిప్పు దాక్కోకుండా అంటుకోని పలకతో కప్పాలన్న నియమం కూడా ఉంది. అది చదివితే షికాగో వాళ్లకింకా గుర్తుందనిపిస్తుంది. వాడి ఇంటికి ఒక్క వరసే ఉంది. వేయించుకున్నాడు. వేసింది గాల్వాల్యూమ్ రేకు. సగానికి పైగా అల్యూమినియం, మిగతాది దాదాపు జింకు, కొద్దిగా సిలికాన్ కలిపిన పూత అది. 1972లో బెత్లెహెమ్ స్టీల్ కంపెనీ బజారులోకి తెచ్చింది. మన ఊళ్లలో నీలం, ఎరుపు రంగుల్లో అమ్ముతున్న రేకుల్లో చాలావాటి పూత ఇదే.

చెక్క పలకల మీదికి రేకు రావడం మన దేశంలోనూ జరిగింది, కొండల మీద. సిమ్లాలో దొరల బంగళాలకి మొదట దేవదారు పలకలు వేశారు, తర్వాత్తర్వాత వాటి చోట రేకు వచ్చింది. కాశ్మీరులో భూర్జపత్రం పరిచి మీద మట్టి పోసిన కప్పులుండేవి, వసంతంలో ఇంటి నెత్తిన పూలు పూసేవి. ఇవాళ శ్రీనగర్ మీద కనబడేదంతా రేకే. మంచు జారిపోవాలంటే రేకుని మించింది లేదు కాబట్టి అక్కడివాళ్లని తప్పుపట్టలేం. పూలు పోయాయని పర్యాటకులు బాధపడతారు గానీ మంచు తోసుకోవాల్సింది ఇంటివాళ్లు.

మా తీరానికి రేకు సర్కారువారి సామానుగా వచ్చింది. అప్పట్లో పెద్ద ఓడలు కాకినాడ ఒడ్డుకి రాలేకపోయేవి. సముద్రంలో దూరంగా లంగరేస్తే నావల్లో సరుకు ఒడ్డుకి చేర్చేవారు. రేవు గిడ్డంగులూ, రైలు వచ్చాక గూడ్సు షెడ్లూ, ఆ తర్వాత గోదావరి జిల్లాల్లో ఊరికొకటిగా లేచిన రైసు మిల్లులూ – రేకు ముందు కప్పింది వీటినే. మనిషి నివాసానికి అప్పటికింకా తాటాకో, కుమ్మరి చేసిన గూన పెంకో. ఉన్నవాళ్ల మండువా లోగిళ్లకి మంగుళూరు పెంకు. ఆ పెంకూ మరీ పాతదేం కాదు. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థకి చెందిన జార్జ్ ప్లెబ్‌స్ట్ మంగుళూరు దగ్గర జెప్పులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. అంటే మనం సంప్రదాయం అనుకునే ఎర్ర పెంకుకన్నా జింకు రేకే వయసులో పెద్దది. ఈ మాట చెబితే ఇప్పటికీ నమ్మనివాళ్లున్నారు.

తెల్లవాళ్ల పాలనలో రేకు వ్యాపారం ఎంత వంకరగా నడిచిందో చెప్పాలంటే ఒక్క ఉదాహరణ చాలు. ఇంగ్లండు రేకుకి పెద్ద గిరాకీదార్లలో మన దేశం ఒకటి. జెంషెడ్‌పూర్‌లో టాటావారు రేకులు తీయడం మొదలుపెట్టాక పోటీ వచ్చింది. 1932 ఒట్టావా వాణిజ్య ఒప్పందాల వేళ ఒక రాజీ కుదిరింది. ఇక్కడి ఉక్కు ముద్దలు ఇంగ్లండుకి పంపితే, అక్కడ రేకుగా సాగదీసి జింకు పూసి తిరిగి పంపుతారు, అలాంటి రేకు మీద సుంకం తక్కువ. మన గనిలో పుట్టిన ఇనుము రెండుసార్లు సముద్రం దాటొచ్చి మన పాక మీద పడుకునేదన్నమాట. ఇంతకన్నా తిన్నగా దోపిడీ చేసినవాళ్లున్నారు గానీ ఇంత చుట్టు తిరిగి చేసినవాళ్లు తక్కువ.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఇనుము మీద కంట్రోలు పెట్టారు. రేకు పర్మిట్ సరుకైంది, స్వాతంత్ర్యం తర్వాతా చాలా ఏళ్లు అలాగే ఉంది. నాన్న కొట్టు పెట్టిన కొత్తలో రేకు కావాలంటే దరఖాస్తు పెట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగాలట. పర్మిట్ దొరకని జనం ఊరుకున్నారా? రోడ్డు పనుల దగ్గర మిగిలిన తారు డ్రమ్ములు కొని, అడుగూ మూతా కోసేసి, నిలువునా చీల్చి సుత్తితో చదును చేయించారు. కిరసనాయిలు డబ్బాలదీ అదే దారి. తాటాకు పాకకి ముందు పాడయ్యేది కొప్పు. అక్కడ ఆ డ్రమ్ము రేకు వంచి తొడిగితే ఇంకో రెండు వానాకాలాలు గడిచేవి. మా కొట్లో రేకు కొనలేనివాళ్లు నేర్చిన ఈ పనే, నా దృష్టిలో, పాత కప్పు మీద కొత్త లోహం వేసే విద్యకి మా ప్రాంతంలో మొదటి పాఠం.

1946లో హైదరాబాదులో ఆస్‌బెస్టాస్ సిమెంటు ఫ్యాక్టరీ పుట్టాక చార్మినార్ బొమ్మతో సిమెంటు రేకు వచ్చింది. తుప్పు లేదు, పర్మిట్ లేదు, ఎండ కాస్త తక్కువ లాగుతుంది. సముద్రపు గాలికి జింకు రేకు ఉప్పాడ వైపు కొద్ది ఏళ్లకే ఎర్రబడేది కాబట్టి మా గిరాకీ సగం అటు మళ్లింది. ఆస్‌బెస్టాస్ నార ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో అప్పట్లో మా కొట్లో ఎవరికీ తెలియదు. రంపంతో కోస్తుంటే తెల్లటి పొడి మేస్త్రీల మీసాల మీద పేరుకునేది. 1986లో ఆ రాయి తవ్వడానికి కొత్త లీజులు ఆపేశారు, పులివెందుల వైపు గనులకీ ఆ దెబ్బ తగిలింది. రేకు తయారీ మాత్రం బయటి దేశాల నుంచి తెచ్చుకున్న నారతో సాగింది.

రేకు కింద బతుకు ఎలా ఉంటుందో బతికినవాళ్లకి తెలుసు. మా చిన్నప్పటి సినిమా హాలు రేకుల షెడ్డు. వాన మొదలైందంటే ఎన్టీఆర్ నోరు కదిపేవాడే గానీ మాట వినబడేది కాదు. క్లైమాక్సులో వాన పడితే జనం ఈలలేసి డబ్బు వాపసు అడిగేవారు. ఇక వేసవి. తాటాకు కప్పు మందంగా ఉండి ఎండని పైనే ఆపేది. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోయేది. రేకుకి ఆ మందమూ లేదు, ఆ సందూ లేదు. మధ్యాహ్నానికి అదే పొయ్యి అవుతుంది. అందుకే మా వైపు ఏప్రిల్ రాగానే ఒక విచిత్రం చూస్తాం. తాటాకు పీకి రేకు వేసుకున్నవాళ్లే ఆ రేకు మీద తాటాకులూ కొబ్బరి మట్టలూ వరిగడ్డీ పరుస్తారు. కొందరు బీరపాదు పాకిస్తారు. ఇంటి నెత్తి మీదినుంచి దించిన కప్పునే మళ్లీ ఎక్కిస్తున్నారు, ఈసారి కిందా మీదా తారుమారుగా.

ఈ బాధ లేనివాళ్లని కూడా చూశాను. పెంకు తీయకుండా, దాని పైన జానెడు ఎత్తులో ఇనుప ఫ్రేము లేపి రేకు వేయించుకున్నవాళ్లు. వాన రేకు మీద పోతుంది, ఎండ రేకుని కాలుస్తుంది. ఆ వేడి మధ్య ఖాళీలోంచి గాలికి పోతుంది. కింద పెంకు చల్లగా ఉంటుంది. పెంకుకి ఇక కోతి భయం లేదు, ఏటా ఎక్కి సర్దే పని లేదు. బరువు గురించి భయపడేవాళ్లకి లెక్క చెప్పేవాణ్ణి: మంగుళూరు పెంకు ఒక్కోటి రెండు, రెండున్నర కిలోలు, చదరపు మీటరుకి పదిహేను దాకా పడతాయి. పల్చటి రేకు అంత చోటుకీ అయిదారు కిలోలు మించదు. పెంకుని మోసిన గోడకి రేకు ఒక బరువు కాదు.

రేకుకి అసలు శత్రువు గాలి. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చింది ఉప్పెన, అక్కడ ఏ కప్పు అయినా ఒకటే. 1996 నవంబరు 6న కోనసీమ తుపాను మాత్రం గాలి తుపాను. కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడ్డాయి, రేకులు కత్తుల్లా ఎగిరాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయం కప్పునే చీల్చేసింది. గాలి రేకుని పైనుంచి నొక్కదు. చూరు కింద దూరి పైకి లేపుతుంది, పైనుంచి పీల్చుతుంది కూడా. ముందు లేచేవి చూరు, కొప్పు, పక్క అంచులు. మా దగ్గర పనిచేసిన ముసలి మేస్త్రి ఆ అంచుల్లో ఒక ముడత విడిచి ఒక ముడతకి జే హుక్కు వేసేవాడు. హుక్కు ఎప్పుడూ ముడత నెత్తిన, తారు వాషరు పెట్టి దాని మీద లింపెట్ వాషరు. “నీళ్లు పారేది గాడిలో బాబుగారూ, మేకు అక్కడ కొడితే మనమే చిల్లు పెట్టినట్టు” అనేవాడు. రేకు మీద రేకు కలిసే చోట అంచు గాలి వచ్చే దిక్కుకి ఎదురుగా ఉండకుండా చూసేవాడు. తుపాను తర్వాత ఆయన వేసిన కప్పులు వెతుక్కుంటూ వెళ్లి చూశాను. చాలావరకు నిలిచాయి. పాత వాసానికే హుక్కు తగిలించిన చోట మాత్రం వాసంతో సహా లేచిపోయాయి.

2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లటి కప్పుల విధానం ఒకటి తెచ్చింది. ఎండని తిప్పికొట్టే పూతలూ పెంకులూ వేయించాలని. పెద్ద భవనాలకి తప్పనిసరి, చిన్న ఇళ్లకి వాళ్ల ఇష్టం. రేకు కింద మండిపోయేది చిన్న ఇళ్లవాళ్లే కదా, ఖర్చుకి సాయం ముందు వాళ్లకే అందాలి. మన రెండు రాష్ట్రాల్లో ఇళ్ల పథకాలు చూసేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

పెంకుటిల్లు మిగిలి ఉన్నవాళ్లకి నాది ఒక విన్నపం. ఇప్పుడు పాత మంగుళూరు పెంకులకి రిసార్టులవాళ్లు మంచి ధర ఇస్తున్నారు. అమ్మకండి. వాటిని అలాగే ఉంచి, పైన ఖాళీ వదిలి, కొప్పు దగ్గర వేడి పోయే దారి వదిలి రేకు వేయించుకోండి. సిమెంటు రేకు ఉన్నవాళ్లు దాన్ని పొడిగా కోయించకండి, పగలగొట్టించకండి. తీయక తప్పకపోతే తడిపి తీయించండి. ఏ కప్పు అయినా సరే, పుచ్చిన వాసం మీద కొత్త రేకు వేయించొద్దు. ముందు వడ్రంగిని పిలిచి వాసాలు చూపించండి, రేకుల కొట్టుకి ఆ తర్వాతే వెళ్లండి.